‘చాలు’ అనలేని తోడు

వ్యక్తిత్వ వికాస పుస్తకం ఏది తెరిచినా ఒకటే పాట. పట్టిన పట్టు విడవొద్దు, శిఖరం చేరేదాకా ఆగొద్దు. ఈ పుస్తకంలోనూ అలాంటి మాటలు అక్కడక్కడా రాశాను. ఈ అధ్యాయంలో మాత్రం ఉల్టా చెబుతాను. కొండ సగం ఎక్కాక, శిఖరం కంటికి కనబడుతుండగా, వెనక్కి తిరిగి దిగి రావడం గురించి ఈ అధ్యాయం. ఎందుకంటే ఈసారి మీతో వచ్చేది మీ కుక్క. మీ మాట కాదనడం దానికి రాదు. మనిషి తోడైతే ‘ఇక నావల్ల కాదు బాబూ’ అని బండరాయి మీద కూలబడతాడు. కుక్క అలా అనదు. మీరు లేస్తే లేస్తుంది, మీరు నడిస్తే నడుస్తుంది, పడిపోయే క్షణం దాకా నడుస్తుంది. కాబట్టి దాని తరఫున ‘చాలు’ అనాల్సింది మీరే.

ఇది కుక్కల పెంపకం పుస్తకం కాదు కదా, ఇక్కడెందుకీ గొడవ అని అడగొచ్చు. ఎదురు చెప్పలేని వాళ్ళను వెంటేసుకుని నడిచే సందర్భాలు మన బతుకుల్లో బోలెడు. ఇంట్లో పిల్లలు, ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు, మన మొహమాటానికి తలూపే ముసలి తల్లిదండ్రులు. వాళ్ళ సంగతి వేరే అధ్యాయాల్లో ఉంది. ఇక్కడ కుక్క గురించే మాట్లాడుకుందాం. అడవిలో ఒక రోజంతా దాని బాగోగులు చూసుకోవడమంటే తక్కువ పనేమీ కాదు.

చోటు కూడా ఒకటి అనుకుందాం, లేకపోతే మాటలు గాల్లో తేలిపోతాయి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, షెనాండోవా నేషనల్ పార్కు. ఆష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీ వైపు తెలుగు మాట వినపడని వీధి అరుదు. కరోనా రోజుల్లో పిల్లల పోరు పడలేక కుక్కను తెచ్చుకున్న ఇళ్ళూ అక్కడ తక్కువేం కాదు. వాళ్ళకు గంట, గంటన్నర దూరంలో ఈ పార్కు. 1935లో ఏర్పడింది. బ్లూ రిడ్జ్ కొండల వెన్ను మీదుగా 105 మైళ్ళ స్కైలైన్ డ్రైవ్, దానికి అటూ ఇటూ 500 మైళ్ళకు పైగా కాలిబాటలు. జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా పోయే అపలాచియన్ ట్రెయిల్‌లో నూట ఒక్క మైళ్ళు ఈ పార్కులోనివే.

కుక్క ఉన్నవాళ్ళకు దీని విలువ వేరే. అమెరికా నేషనల్ పార్కుల్లో చాలావాటిలో కుక్కను కాలిబాట ఎక్కనివ్వరు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో రెండంటే రెండు బాటల మీదే అనుమతి. షెనాండోవాలో వరస తిరగబడుతుంది: కొన్ని బాటలు తప్ప అన్నిటి మీదా కుక్కను తీసుకెళ్ళొచ్చు. కూడని వాటిలో ముఖ్యమైనవి ఓల్డ్ రాగ్, బేర్‌ఫెన్స్ మౌంటెన్, డార్క్ హాలో ఫాల్స్. మొదటి రెండింట్లో చేతులూ కాళ్ళూ వాడి బండల మీద పాకాలి. మూడోదాంట్లో బాట నిటారు, జనం కిటకిట. ఏ బాట అయినా లీష్ ఆరడుగులకు మించకూడదన్నది పార్కు నియమం. బటన్ నొక్కితే పాతికడుగులు సాగే లీష్‌ను ఇంట్లో వదిలి రండి.

కుక్కతో కొండెక్కడం అనగానే మనకు ధర్మరాజు గుర్తొస్తాడు. మహాప్రస్థానంలో ద్రౌపదీ తమ్ముళ్ళూ ఒక్కొక్కరే నేలకొరిగితే, చివరిదాకా వెంట మిగిలింది కుక్క. దాన్ని వదిలి రథమెక్కమన్న ఇంద్రుడికి ఆయన ససేమిరా అన్నాడు. వినేవాళ్ళం ఆయన ధర్మనిష్ఠకు మురిసిపోతాం. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఒకటే సందేహం: అంత దూరం ఆ కుక్కకు నీళ్ళెవరు పట్టారు? అది యమధర్మరాజు కాబట్టి సరిపోయింది. మీ లాబ్రడార్ ఏ దేవుడి మారువేషమూ కాదు. దానికి దాహం వేస్తుంది, అరికాళ్ళు మండుతాయి. ఇంకొక తేడా కూడా ఉంది. ఓల్డ్ రాగ్ మొదట్లో రేంజరు నిలబడి కుక్కతో పోకూడదంటే, అక్కడ ధర్మరాజు పాత్ర వేయకండి. మారు మాట్లాడకుండా ఇంకో బాట చూసుకోండి.

అసలు కుక్క ఎందుకు ఆగదు? దానికి శిఖరం అక్కర్లేదు, ఫొటో అక్కర్లేదు, ఫోన్లో అడుగుల లెక్కా అక్కర్లేదు. దానికి కావలసింది మీతో ఉండడం. మీరు ముందుకు కదిలితే వెనక ఒంటరిగా మిగలడం దానికి కష్టం. పైగా నొప్పిని బయటపెట్టడం కుక్కల స్వభావంలోనే తక్కువ. దారి పొడవునా కొత్త వాసనలు, జింకలు, ఉడతలు, ఎదురొచ్చే వేరే కుక్కలు. ఆ హుషారులో ఒళ్ళు అలిసిన సంగతి దానికే పట్టదు. పక్కన నడిచేవాళ్ళు ‘చూశారా, ఎంత ఎనర్జీయో’ అంటుంటారు. ఆ మాటకు పొంగిపోకండి.

ఒక జూన్ శనివారం మేరీస్ రాక్ ఎక్కే దారిలో చూసిన సంగతి చెబుతాను. థార్న్‌టన్ గ్యాప్ దగ్గర బండి ఆపి, అపలాచియన్ ట్రెయిల్ మీదుగా పైకి పోయే బాట అది. రానూపోనూ నాలుగు మైళ్ళ లోపే, అయినా ఎక్కినంత సేపూ ఎక్కుడే. బాట పక్కన మౌంటెన్ లారెల్ పొదలు తెల్లగా పూసి ఉన్నాయి. ఆ పొద నీడలో ఒక గోల్డెన్ రిట్రీవర్ పొట్ట నేలకు ఆనించి, నాలుగు కాళ్ళూ చాపి పడుకుంది. లీష్ రెండో కొస పట్టుకున్నాయన నాలుగడుగులు పైనున్నాడు.

“ఏమండీ, అది లేవట్లేదు.”

“ఏం కాదు, ఇంకో అరమైలే. పద బంగారం, పద పద!”

పిలిచినప్పుడల్లా అది లేచింది. నాలుగడుగులు వేసి మళ్ళీ నీడ చూసుకుని పడుకుంది. నాలుక చివర గరిటలా వెడల్పై పక్కకు వాలింది. జొల్లు తీగలు సాగుతోంది. ఆవిడ సీసాలో నీళ్ళు దోసిట్లో పోసి పట్టింది. రెండు గుక్కలు తాగి మొహం తిప్పేసుకుంది. అప్పుడావిడ బాట పక్క రాయి మీద కూర్చుని, “మీరు పైకెళ్ళి ఫొటో దిగి రండి. మేమిద్దరం ఇక్కడే ఉంటాం” అంది. గొంతులో కోపం లేదు. ఆయన పైకి చూశాడు, ఫోను చూశాడు, మళ్ళీ పైకి చూశాడు. చివరికి తనూ కూర్చున్నాడు. కుక్క రొప్పడం నెమ్మదించాక ముగ్గురూ దిగిపోయారు.

ఆవిడ చూసిన గుర్తులు ఏ పుస్తకమూ చదివి నేర్చుకోనక్కర్లేదు, చూసే కళ్ళుంటే చాలు. అయినా వరస తెలిస్తే ముందే పట్టుకోవచ్చు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. వేడి బయటికి పోయే ముఖ్యమైన దారి రొప్పడమే. అరికాలి మెత్తల్లో పట్టే చెమట ఏ మూలకూ సరిపోదు. దాని మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మనకు జ్వరమనిపించే స్థాయే దానికి ఆరోగ్యం. నడకలో అది 104 దాటితే భయపడాలి, 106 చేరితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. థర్మామీటరు చేత పట్టుకుని ఎవరూ కొండెక్కరు కాబట్టి కళ్ళతోనే చూడాలి. ఎప్పుడూ ముందు నడిచే కుక్క మీ వెనక్కి చేరిందంటే మొదటి గుర్తు. నీడ కనబడిన చోటల్లా ఆగడం రెండోది. ఇష్టమైన బిస్కెట్ ఇచ్చినా వాసన చూసి వదిలేస్తే అక్కడితో నడక అయిపోయినట్టే. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కండి. నొక్కిన చోట తెల్లబడి, రెండు సెకన్ల లోపు మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. చిగుళ్ళు ఇటుక రంగుకు మారినా, జొల్లు చిక్కబడినా, నడకలో తూలినా ఆలస్యం చేయకండి. నీడకు చేర్చి, ఉన్న నీళ్ళన్నీ ఒంటి మీద పోసి, టోపీతోనో అట్టతోనో విసరండి. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రి ప్రయాణం. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది.

కొండ వెన్ను మీద ఇంకో మోసం ఉంది. షెనాండోవా పైభాగంలో కింద లోయ కంటే పది డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా చల్లగా ఉంటుంది, గాలి కొడుతుంది. మనకు హాయిగా ఉంటుంది కాబట్టి కుక్కకూ హాయే అనుకుంటాం. దానికి ఒంటి నిండా కోటు. దాని ముక్కు నేలకు అడుగున్నర ఎత్తులో, ఎండకు కాగిన రాళ్ళ మీద ఉంటుంది. హాక్స్‌బిల్, స్టోనీ మ్యాన్ లాంటి శిఖరాలు పాతకాలపు లావా గట్టిపడి ఏర్పడ్డ ఆకుపచ్చ రాతివి. ఆ విరిగిన రాళ్ళ అంచులు పదును. ఇంటి చుట్టూ గడ్డి మీద, కాలిబాట సిమెంటు మీద తిరిగే కుక్క పాదాలకు అవి కొత్త.

నీళ్ళూ అంతే. వాగులు లోయల్లో ఉంటాయి, వెన్ను మీద ఉండవు. పాతిక కిలోల కుక్క ఇంట్లో కదలకుండా ఉన్నా రోజుకు లీటరు పైన తాగుతుంది. కొండ నడకకు దాని వాటాగా రెండు లీటర్లు మోయండి. కుక్క వీపున కట్టే సంచులు అమ్ముతారు. అలవాటు చేసి, దాని బరువులో పదోవంతు దాటకుండా కడితే ఫర్వాలేదు. నన్నడిగితే మొదటి ఏడాది అసలే వద్దంటాను.

ఇంట్లోనే తీసుకోవాల్సిన నిర్ణయం

నా సలహాల్లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. వెనక్కి తిరిగే నిర్ణయం కొండ మీద తీసుకోకూడదు. కొండ మీద మన బుద్ధి మన చేతిలో ఉండదు. ఇంతదూరం వచ్చాం, పెట్రోలు పోసుకున్నాం, పైనుంచి దిగేవాళ్ళంతా ‘ఆల్మోస్ట్ దేర్’ అంటున్నారు. కాబట్టి బండి దగ్గరే రెండు గీతలు గీసుకోండి. ఒకటి గడియారం: ఫలానా టైముకు ఎక్కడున్నా సరే తిరుగుముఖం. రెండోది సీసా: కుక్క నీళ్ళు సగానికి వచ్చాయంటే, శిఖరం ఎదురుగా కనబడుతున్నా సరే తిరుగుముఖం. ఇద్దరు వెళ్తే ఈ మాట ఇద్దరికీ తెలియాలి. ఎవరు గుర్తుచేసినా రెండోవాళ్ళు వాదించకూడదు. భార్యాభర్తలైతే ఇది ముందే ఒప్పందం చేసుకోవడం మరీ మంచిది.

దిగడం తేలికని లెక్క వేసుకోకండి. కుక్క బరువులో అరవై శాతం దాకా ముందుకాళ్ళ మీదే ఉంటుంది. దిగేటప్పుడు ఆ భారం ఇంకా ముందుకు జరుగుతుంది. ఎక్కేటప్పుడు చలాకీగా ఉండి, దిగేటప్పుడు కుంటే కుక్కలే ఎక్కువ. ముప్పై కిలోల కుక్క రెండు మైళ్ళ పైన కుంటడం మొదలుపెడితే దాన్ని ఎత్తుకుని దిగాలి. ఆ పని చేయగలరో లేదో ముందు ఇంట్లో మెట్ల మీద ఎత్తి చూసుకోండి. చేయలేకపోతే భుజాన వేసుకునే పట్టీ సంచి ఒకటి వెంట ఉంచుకోండి. పార్కులో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. రాత్రింబవళ్ళు తెరిచి ఉండే పశువుల ఆసుపత్రి దగ్గర్లో ఏదుందో బయల్దేరే ముందు కాగితం మీద రాసుకోండి.

దూరం పెంచడం ఎలా? వారం పొడవునా వీధిలో ఇరవై నిమిషాలు తిరిగి, శనివారం పది మైళ్ళు నడిపించేవాళ్ళున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం మనం కూడా అదే చేస్తాం అనుకోండి, కనీసం ఆదివారం మూలుగుతాం. రెండు మూడు మైళ్ళతో మొదలుపెట్టి, వారం వారం కాస్త కాస్త పెంచండి. సరిపోయిందా, ఎక్కువైందా అన్నది తెలిసేది మర్నాడు పొద్దున. పడకలోంచి మామూలుగా లేచి ఒళ్ళు విరుచుకుందా, సరే. ముందు కాళ్ళు బిగుసుకుని నెమ్మదిగా లేచిందా, మీరు పోయిన దూరం దానికి ఎక్కువ. వచ్చేవారం తగ్గించాలి. ఈ మర్నాటి పరీక్షను మించింది లేదు.

కొన్ని కుక్కలను అసలు తీసుకెళ్ళకండి. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి మూతి జాతులకు రొప్పడమే సరిగా రాదు. వాటికి గంట షికారే విహారం. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతి పిల్లలకు ఏడాది, ఏడాదిన్నర దాటేదాకా ఎముకలు ముదరవు. అప్పటిదాకా కొండ వద్దు. ఆ జాతుల్లోనే తుంటి కీలు లోపం కూడా ఎక్కువ. డాక్టరుకు ఒకసారి చూపించి అడగండి. కాలం సంగతీ ఒక మాట. ఏప్రిల్ చివరి నుంచి మే దాకా, మళ్ళీ అక్టోబరు, నవంబరు మంచివి. జూలై, ఆగస్టుల్లో తేమ, వేడి, మధ్యాహ్నం ఉరుముల వానలు. పిడుగులు పడే వేళ కొండ వెన్ను మీద ఎవరికీ పని లేదు.

సంచిలో ఏముంది

మన సంచులు విప్పితే సగం పండగే. పులిహోర, పెరుగన్నం, చేగోడీలు, ఎవరో తిరుపతి నుంచి తెచ్చిన లడ్డూ. శిఖరం మీద కూర్చుని తింటుంటే కుక్క ఎదురుగా కూర్చుని చూస్తుంది. పిల్లలు జాలిపడి తలో ముక్క పెడతారు. ఇక్కడే జాగ్రత్త. ద్రాక్షపళ్ళు, కిస్మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కొన్నిటికి కొంచెం తిన్నా ప్రాణం మీదికొస్తుంది. లడ్డూలో కిస్మిస్ ఉంటుంది కాబట్టి ప్రసాదమైనా సరే కుక్కకు పెట్టకూడదు. దుకాణంలో కొనే ట్రెయిల్ మిక్స్ నిండా కిస్మిస్, చాక్లెట్. రెండూ దానికి విషమే. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను చెడగొడతాయి. అంటే ఉల్లి వేసిన గారెలు, వెల్లుల్లి ఆవకాయ కలిపిన ముద్ద, ఏవీ కుదరవు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో జైలిటాల్ ఉంటే అదింకా ప్రమాదం.

పులిహోర సంగతి చాలామందికి తెలియదు. ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమే మూత్రపిండాలను దెబ్బతీస్తోందని 2021 నుంచి పశువైద్యులు గట్టిగా అనుమానిస్తున్నారు. ఆ ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. కాబట్టి చింతపండు పులిహోర మీరే తినండి. దానికి మామూలుగా పెట్టే తిండే ఒక డబ్బాలో తీసుకెళ్ళండి. పోపు పెట్టని, ఉప్పు వేయని పెరుగన్నం రెండు ముద్దలు పెడితే మాత్రం తప్పులేదు. ఒకేసారి కడుపు నిండా పెట్టి వెంటనే ఎక్కించకండి. కొంచెం కొంచెంగా, ఆగినప్పుడల్లా పెట్టండి.

లీష్ ఎందుకో ఎవరికీ వివరించనక్కర్లేదు అనుకుంటాను గానీ, ప్రతి వారం విప్పి వదిలేసేవాళ్ళు కనబడుతూనే ఉంటారు. షెనాండోవాలో నల్ల ఎలుగుబంట్లు బాగా ఉన్నాయి. పార్కు ఏర్పడకముందు ఈ కొండల్లో ఊళ్ళుండేవి. ఖాళీ చేయించిన ఆ కుటుంబాల ఆపిల్ చెట్లు కొన్ని ఇప్పటికీ అడవిలో కాస్తున్నాయి. శరత్కాలంలో ఎలుగులు ఆ పళ్ళకూ ఓక్ కాయలకూ వస్తాయి. విప్పి వదిలిన కుక్క మొరుగుతూ ఎలుగు మీదికి పోతుంది. ఎలుగు తిరగబడితే అది పరిగెత్తుకొచ్చేది నేరుగా మీ దగ్గరికే, ఎలుగును వెంటబెట్టుకుని. పాముల్లో విషమున్నవి రెండు: టింబర్ రాటిల్‌స్నేక్, కాపర్‌హెడ్. కాపర్‌హెడ్ రాలిన ఆకుల్లో పడుకుంటే మనిషి కంటికే ఆనదు. ఆకుల్లో ముక్కు దూర్చే కుక్క దాన్ని మొదట కలిసేది మూతితోనే. పాయిజన్ ఐవీ ఆకు కుక్కను పెద్దగా బాధించదు కానీ, దాని నూనె బొచ్చుకు అంటుకుని మీ చేతులకు, కారు సీటుకు, మంచానికి చేరుతుంది. తర్వాత వారం రోజులు గోక్కునేది మీరే.

ఇక ఎదురొచ్చే మనుషులు. ‘మా కుక్క ఏం చేయదండీ’ అన్న మాట నాకు అసలు నచ్చదు. కుక్కంటే భయమున్నవాళ్ళకు ఆ మాట వల్ల పిసరంత ధైర్యం కూడా రాదు. అమ్మమ్మనో నానమ్మనో తీసుకొచ్చిన కుటుంబం ఎదురైతే, మీరే బాట దిగి నాలుగడుగులు పక్కకు జరిగి, కుక్కను కూర్చోబెట్టి, వాళ్ళు దాటాక కదలండి. దాని మలం సంచిలోకి ఎత్తి కిందిదాకా మోయాలి. ‘వచ్చేటప్పుడు తీసుకుంటాం’ అని చెట్టుకొమ్మకు తగిలించిన సంచులు చాలావరకు అక్కడే ఉండిపోతాయి.

ఇలాంటి పుస్తకాల్లో బిల్ ఇర్విన్ కథ తప్పకుండా వస్తుంది. కంటిచూపు లేని ఆ మనిషి 1990లో ఓరియంట్ అనే గైడ్ డాగ్‌తో అపలాచియన్ ట్రెయిల్ మొత్తం నడిచాడు. రెండు వేల మైళ్ళ పైచిలుకు. లెక్కలేనన్ని సార్లు పడ్డాడు, లేచాడు. సంకల్పబలానికి ఉదాహరణగా దాన్ని చెబుతారు, నిజమే. నేను ఆ కథలో ఓరియంట్ వైపు చూస్తాను. అది శిక్షణ పొందిన కుక్క. రోజుల తరబడి పక్కపక్కనే నడిచిన జంట వాళ్ళది, ఒకరి కదలిక ఇంకొకరికి తెలుసు. వారాంతంలో ఒక్కసారి వెళ్ళే మనకు ఆ చనువు ఉండదు. ఆ కథ విని రేపే ఇరవై మైళ్ళు అనుకోవడం పొరపాటు.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్ళు ఇది చదివి నల్లమలకో, శేషాచలం కొండలకో కుక్కతో బయల్దేరొద్దని మనవి. అభయారణ్యాల్లో, పులుల రక్షిత ప్రాంతాల్లో పెంపుడు కుక్కకు చోటు లేదు. కారణం ఒట్టి నియమం కాదు. కుక్కల డిస్టెంపర్ వైరస్ అడవి జంతువులకు అంటుతుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సింహాల్లో మూడోవంతు దాంతోనే పోయాయి. 2018లో మన గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు కొన్ని వారాల్లో చనిపోతే, అక్కడా ఆ వైరస్ బయటపడింది. ఇక చిరుతకు కుక్క అంటే ఎంత ఇష్టమో కొండ కింద పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. మీకు ఊరి వెనక గుట్టలు, చెరువు గట్లు, పొలాల మధ్య బండిదారులు చాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, తెల్లవారుజామున బయల్దేరి తొమ్మిది లోపు ఇంటికి చేరేలా. తారురోడ్డు మీద అరచేయి వెనక భాగం ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ అక్కడ ఆనకూడదు.

నడక అయిపోయాక కారు ఎక్కే ముందు ఒక పావుగంట మిగుల్చుకోండి. పాదాలు ఒక్కొక్కటే తిప్పి వేళ్ళ సందుల్లో చూడండి, ముల్లో రాతి నలుసో ఉంటుంది. తర్వాత గోమార్లు. షెనాండోవా అడవిలో జింకల మీద తిరిగే నల్లకాళ్ళ గోమారి లైమ్ జబ్బును మోస్తుంది. మన దేశంలో గోధుమరంగు కుక్క గోమారి టిక్ ఫీవర్ తెస్తుంది. బొచ్చుకు ఎదురు దిశలో వేళ్ళు పోనిస్తూ చెవుల లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, తోక మొదట్లో తడిమి చూడండి. నువ్వుగింజంతది ఏదైనా గట్టిగా తగిలితే అక్కడ బొచ్చు విడదీయండి. సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా, నిటారుగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటి పాత వైద్యాలు వద్దు, అలా చేస్తే గోమారి తన లోపలి క్రిములను కుక్క ఒంట్లోకి కక్కే ప్రమాదం ఉంది. లైమ్ క్రిమి ఎక్కాలంటే గోమారి సాధారణంగా ఒక రోజు పైనే పట్టుకుని ఉండాలి. అంటే ఆ సాయంత్రమే తీసేస్తే చాలావరకు గట్టెక్కినట్టే. తీసినదాన్ని చిన్న డబ్బాలో వేసి తేదీ రాసిపెట్టండి.

ఆ తేదీ ఎందుకంటే, కుక్కల్లో లైమ్ లక్షణాలు బయటపడడానికి రెండు నుంచి ఐదు నెలలు పడుతుంది. అక్టోబరులో కొండ ఎక్కిన కుక్క సంక్రాంతి వేళకు జ్వరంతో, ఒకసారి ఈ కాలు ఒకసారి ఆ కాలు కుంటుతూ కనబడితే, చలికి పట్టేసిందనుకుని ఊరుకోకండి. డాక్టరుకు అక్టోబరు నడక సంగతి చెప్పి, రక్తపరీక్ష చేయమనండి.